ఆపని కంప్యూటరు

మా ఆడపడుచుకి నోట్లో నాలుక లేదు. ఉన్న చురుకంతా వేళ్ళలోనే. పదకొండేళ్ళుగా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, ప్రెస్సుకి పుస్తకాలు టైపు చేసి పేజీలు కట్టి ఇస్తుంది. మనిషి బంగారం. అయినా నేను తనని ఎన్నెన్ని మాటలన్నానో చెప్తాను, వినండి.

నాలుగు నెలలుగా కరెంటు బిల్లు రెట్టింపు వస్తోంది. ఇల్లంతా చూస్తే నా కంటికి ఆనింది ఒక్కటే, తన గదిలో బల్ల కింద పగలూ రాత్రీ గుర్రుమనే ఆ డబ్బా. అన్నానికి లేచినా స్క్రీను కట్టేస్తుంది గానీ డబ్బాని మాత్రం ఆపదు. "కరెంటు తాగే రాకాసిని పెంచుతున్నాం ఇంట్లో!" అని తనకి వినపడేలా అనేదాన్ని. తలొంచుకుని టైపు చేసుకుపోయేది. పైగా ఎండలు మండిపోతుంటే ఫ్యాను లేకుండా, లైటు లేకుండా, ఆ స్క్రీను వెలుగులోనే కూర్చునేది. చూస్తే నాకు ఒళ్ళు మండేది. "నన్ను సాధించడానికే ఇదంతా," అని మా ఆయనతో చాడీలు చెప్పాను.

మొన్న బిల్లు చూసి ఆయన కూడా గొంతు పెంచారు. "ఇవాళ తేలిపోవాలి. ఆ కంప్యూటరే తింటోందంటే అమ్మిపారేద్దాం," అని ఎలక్ట్రీషియన్ని పిలిచారు.

అతను మీటరు ముందు నిలబడ్డాడు. "ఈ ఎర్రచుక్క ఎంత గబగబా కొట్టుకుంటే అంత కరెంటు పోతున్నట్టు. ఒక్కొక్కటీ ఆపుకుంటూ రండి."

ఫ్రిజ్జు, టీవీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ కట్టేశాను. చుక్క జోరు తగ్గలేదు. "ఇంకేముంది, దొంగ దొరికింది!" అంటూ తన గదిలోకి దూరాను.

ఆడపడుచు డబ్బాకి అడ్డంగా నిలబడింది. "ఆపితే మళ్ళీ లేవదు వదినా. పోయినసారి ఇరవైసార్లు నొక్కితే గానీ లేవలేదు. అందుకే ఆపడం లేదు. ఎల్లుండికి పుస్తకం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ప్రెస్సు ఇంక పని ఇవ్వదు. నాకున్నది ఆ ఒక్క ప్రెస్సే."

"చెప్పొచ్చావులే! ఇన్నాళ్ళూ ఈ మాట ఏమైంది?" అన్నాను.

నా వైపు ఒక్కసారి చూసి, వంగి ఆపేసింది. గుర్రు ఆగిపోయింది. గెలిచినదాన్ని నేనే అనుకున్నాను.

ఇంతలో బయటినుంచి కేక. "అమ్మా, ఇది తగ్గిందే లేదు! ఇంకేదో పెద్దది నడుస్తోంది!"

అతనే గదిగదీ తిరిగి బాత్రూము తలుపు వెనకాల ఆగాడు. గీజరు! నాలుగు నెలల కిందట మా ఆయన మోకాలికి కాపడం పెట్టడానికి నేను వేసిందే. దాని ఎర్రబల్బు మాడిపోయింది. వెలగడం లేదు కదా, కట్టేసే ఉందనుకున్నాను. ఎండాకాలం వేడినీళ్ళ పంపు ఎవరు తిప్పుతారు చెప్పండి? అతను స్విచ్చు కట్టేయగానే మీటరు మీద చుక్క ఆగిపోయింది.

"మరి కంప్యూటరు?" అని నీరసంగా అడిగారు మా ఆయన.

"మహా అయితే రెండు ఫ్యాన్లంత లాగుతుంది సార్. దీని ముందు అదెంత!"

"నా ఫ్యానూ లైటూ ఆపుకుంటే సరిపోతుందనుకున్నా అన్నయ్యా," అంది ఆడపడుచు మెల్లగా.

ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. తను మాత్రం డబ్బా ముందు కూలబడి బటన్ నొక్కడం మొదలుపెట్టింది. ఐదుసార్లు. పదిసార్లు. ఇరవై దాటింది. ఉలుకూ పలుకూ లేదు. తన చెమట గచ్చు మీద బొట్లు బొట్లుగా పడుతుంటే చూడలేక ఫ్యాను వేశాను. నాలుగు నెలల దుమ్ము మా ఇద్దరి నెత్తినా రాలింది. తను చటుక్కున చున్నీ తీసి డబ్బాకి కప్పింది.

"తప్పు నాదే అమ్మలూ. నన్ను తిట్టు, నాలుగు తిట్టు," అన్నాను.

తిట్టలేదు. మళ్ళీ నొక్కింది. ముప్పై ఒకటోసారి డబ్బా గుర్రుమంది. ఆ చప్పుడుకి నాకు ఏడుపొచ్చేసింది.

తను కళ్ళు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. స్క్రీను వెలగ్గానే అలవాటుగా చెయ్యి గోడ మీది ఫ్యాను స్విచ్చు వైపు వెళ్ళింది.

"చెయ్యి తియ్యి," అన్నాను. "ఆ స్విచ్చు ముట్టుకున్నావంటే ఊరుకోను."