నాటు వేసిన బీట్ మొక్కలు

2018. సౌదీలో తబూక్ ఊరి బయట ఒక పెద్ద ఫామ్‌లో నేను సూపర్‌వైజర్‌ని. చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చిమ్మే పొడవాటి పైపును పివట్ అంటారు. అలాంటి ఒక పివట్ కింద ఆ ఏడు మొదటిసారి షుగర్ బీట్ వేశాం. ముల్లంగిలా నిటారుగా నేలలోకి దిగే తెల్ల దుంప అది, దాని నుంచి చక్కెర తీస్తారు. ముందు సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలు, దాని వెంట తలకింత అని కట్టాల్సిన లెవీలు వచ్చాక మా కంపెనీకి బయటి దేశం మనిషి ప్రతి ఒక్కడూ బరువైపోయాడు. బీట్ గట్టెక్కితేనే ఆ పనివాళ్ల ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూవల్ అవుతాయని, లేకపోతే ఖురూజ్ అని మా మేనేజరు ముదీర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఖురూజ్ కొడితే ఇక ఇంటికే.

ఆ పనివాళ్లలో మల్లయ్య కాక ఒకడు. మెట్‌పల్లి వైపు చెరకు రైతు, యాభై దాటాయి. మాది కూడా ఆ దిక్కే.

"బిడ్డ నర్సింగు ఆఖరి సాలుల ఉన్నది కొడుకా. ఈ ఒక్కపారి రెన్యూవల్ అయితే సాలు, మళ్ల నేను ఏం అడుగ" అనేవాడు.

మేం తెచ్చిన రకంలో ఒక్కో గింజకు రెండు మూడు మొలకలు వస్తాయి. ఒకటి ఉంచి మిగతావి పీకేయాలి. దాన్ని థిన్నింగ్ అంటారు. ఈజిప్టు ఇంజినీరు చెప్పింది హిందీలో అందరికీ వివరించి, నేను గోధుమ పివట్ల మీదికి వెళ్లిపోయాను. తిరిగొచ్చి చూస్తే కాక వరసల్లో ఎక్కడా ఖాళీ లేదు. పచ్చగా, ముచ్చటగా ఉన్నాయి. ఇంజినీరు కూడా మెచ్చుకున్నాడు.

ఎండాకాలం మొదట్లో హార్వెస్టర్ దిగింది. మిగతా వరసల్లో దుంపలు నున్నగా లేచాయి. కాక వరసల్లో మాత్రం సగానికి పైగా మూడు నాలుగు కాళ్లుగా చీలిపోయి, సందుల్లో రాళ్లు, మట్టి ఇరికించుకుని బయటపడ్డాయి. మిల్లు వీటిని ముట్టదని ఇంజినీరు తల పట్టుకున్నాడు.

"ఈ వరసలు ఎవరివి?" అని అడిగాడు.

ఎవరూ నోరు విప్పకముందే కాక ముందుకొచ్చాడు.

"నేనే నాటిన. పీకిన మొక్కలు బంగారమసొంటియి, పారేయ పాణం ఒప్పలే. మిరపనారు లెక్క ఖాళీలల్ల పెట్టి నీళ్లు పోసిన. ఒక్కటి సావలే. ఎవ్వలనేం అనకుండ్రి."

బీట్‌కు ఉండేది ఒకటే తల్లివేరు. పీకినప్పుడు దాని కొస తెగితే మొక్క బతుకుతుంది గానీ దుంప చీలుతుంది. నారు పోసి నాటు వేసే మా వైపు రైతుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ముదీర్‌ని ఎంతో బతిమాలాను. అతను నా మాట పూర్తిగా వినకుండానే "అతని వయసెంత?" అని అడిగాడు. అప్పుడే అర్థమైంది, వాళ్లకు కావలసింది ఒక సాకు మాత్రమేనని. వారం తిరగకుండా ఖురూజ్ కొట్టారు. బస్సు ఎక్కిస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. కాకే నన్ను ఊరుకోబెట్టాడు.

అప్పటి నుంచి కొత్త పంట పనిలోకి ఎవరొచ్చినా, ఇంటి దగ్గర ఏం పండించేవాడివని ముందు అడుగుతాను. మనిషి చేతులు అక్కడ నేర్చుకున్నదే ఇక్కడా చేస్తాయి.

మరుసటి చలికాలం కాక ఫోన్ చేశాడు. బిడ్డ చదువు ఏమైందని అడిగాను.

"ఆగింది కొడుకా. కోరుట్లల బట్టల దుకాణంల పనికి పోతాంది." తర్వాత తనే అడిగాడు. "బీట్ మంచిగ మొలిచిందా ఈ యేడు?"

"మంచిగనే మొలిచింది కాకా."

"అయితే కొత్తోళ్లకు ముందుగాల్నే చెప్పు. పీకినయి పారెయ్యాలె, నాటద్దని. నా లెక్క ఇంకొకడు ఆగం కావద్దు."

చెప్తాను అన్నాను. కంపెనీ ఆ ఏడు బీట్ వేయనే లేదు.