జపాన్ కర్రీ అచ్చులు, అమ్మ డబ్బాలు

ఆ రోజుల్లో నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. అన్నం తింటూ ఫోను చూసుకునేదాన్ని, ఫోనులో మాట్లాడుతూ వీధి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేదాన్ని. కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు అని అమ్మ విసుక్కునేది. నా సరుకు చెన్నై రేవులో ఆగి ఉంది. దాన్ని పరీక్షించేవాళ్ళకి దయ ఎప్పుడు కలుగుతుందో తెలియదు.

సరుకంటే జపాన్ కర్రీ అచ్చులు. చూడటానికి చాక్లెట్ బిళ్ళల్లా ఉంటాయి. గోధుమపిండి, నూనె, మసాలాలు కలిపి వేయించి గట్టిపరిచినవి. విరిచి ఉడుకుతున్న కూరలో వేస్తే చిక్కటి గుజ్జు తయారవుతుంది. నేను ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్ కౌంటర్లో పనిచేస్తున్నప్పుడు, జపాను నుంచి వచ్చి అక్కడ దిగిన ఒకావిడ వెళ్తూ వెళ్తూ ఒక పేకెట్ నా చేతిలో పెట్టింది. అమ్మ దానితో వంజరం ముక్కలు వండింది. "పులుసూ కాదు, ఇగురూ కాదు. బాగుందే మరి" అని మరో ముద్ద కలుపుకుంది. చేపల కూర విషయంలో అమ్మ తన చేతిని తప్ప ఇంకొకటి మెచ్చుకున్నట్టు నాకు గుర్తు లేదు. అప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి.

ఊళ్ళోనే మిడిల్ పాయింట్‌లో కేఫ్ నడిపే ఒకతను, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడే, తెప్పిస్తే ప్రతి నెలా తీసుకుంటానన్నాడు. నేను హోటల్ ఉద్యోగం మానేశాను. నలభై దాటేదాకా ఇంకొకరి కౌంటరు వెనుక నిలబడి నవ్వాను. ఈ ఒక్కటైనా నాది అని చెప్పుకోవాలనుకున్నాను. ఇది పోతే మళ్ళీ ఆ కౌంటరు వెనక్కే. ఆ భయమే నన్ను కూర్చోనిచ్చేది కాదు.

ఏరికోరి కొరివితో తల గోక్కున్నానని తర్వాత తెలిసింది. జంతువుల కొవ్వు కలిసిన రకం జోలికి పోవద్దని రేవులో సరుకు విడిపించే చెన్నై ఏజెంటు ముందే చెప్పాడు కాబట్టి శాకాహారమని పచ్చ చుక్క పెట్టదగ్గ రకాలే రెండు తెప్పించాను. ఒకదాంట్లో పాలపొడి ఉంది, రెండోదాంట్లో లేదు. పేకెట్ మీదున్నదంతా జపాను భాష. అందులో ఏమేం కలిసిందో ఇంగ్లీషులో రాయించాలి, గడువు ఎప్పటిదాకానో చూపాలి, నా చిరునామా, లైసెన్సు నంబరు వేయించాలి. అవన్నీ స్టిక్కరుగా కొట్టించి రేవు గోదాములోనే పేకెట్ పేకెట్‌కీ అంటించాలి. "ఒక్క అక్షరం తప్పు పడినా సరుకు ఆపేస్తారు మేడమ్" అనేవాడు ఏజెంటు. తినే వస్తువు లోపలుంటే వీళ్ళ చూపంతా పైనున్న కాగితం మీదేమిటండీ అని అతని మీద అరిచేదాన్ని. పాపం, అతనేం చేస్తాడు, వినేవాడు.

చివరికి శాంపిల్ పాసైంది. వానల్లో చెన్నై నుంచి ఇక్కడికి వచ్చే ఓడ ఆలస్యమైంది. సరుకు దిగిన రోజు హార్బర్‌కి నేనే వెళ్ళి, అట్టపెట్టెలన్నీ చూసుకుని, బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి ఆటోలో పంపించాను. గోదాము కింద లైసెన్సులో రాయించింది మా ముందుగదినే. సంతకాల కోసం నేను హార్బర్ ఆఫీసులో ఉండిపోయాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వానలో తడిసి ముద్దయ్యాను. అమ్మ పెరట్లో నీళ్ళు కాచి ఉంచింది. పొగలు కక్కే ఆ నీళ్ళతో తలారా స్నానం చేశాను. ఎన్ని నెలలకో ఒళ్ళు తేలికపడింది.

తల తుడుచుకుంటూ ముందుగదిలోకి వస్తే అట్టపెట్టెలు లేవు. గోడవారగా అమ్మ స్టీలు డబ్బాలు మూతలు బిగించి ఉన్నాయి.

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఓడలో వచ్చిన అట్టపెట్టె గడప దాటకూడదు. అట్టలో బొద్దింక గుడ్లు వస్తాయి, ఈ దీవుల చెమ్మకి వారం తిరక్కుండా బూజు లేస్తుంది. పప్పులైనా సబ్బులైనా వరండాలోనే విప్పి డబ్బాలకెత్తి, అట్టలు నీళ్ళపొయ్యిలో పెట్టాలి. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. సరుకు వస్తోందని అమ్మకు చెప్పానే కానీ, విప్పొద్దని చెప్పాలని నాకు తట్టనేలేదు.

"పేకెట్లేవమ్మా?"

"ఇప్పీసాను. పైనున్న పల్చటి కాయితం కూడా తీసీసి బెల్లమచ్చుల్లాగ సర్దీసాను. ఒక్క ముక్క ఇరగలేదు, సూసుకో."

"వాటి మీద స్టిక్కర్లు?"

"అట్టల్తోటే పొయ్యిలోకెలిపోనాయి. ఇప్పుడు నువ్వు పోసుకున్నావు గదే నీళ్ళు, ఆటితోనే కాసినాను."

నోటికొచ్చినట్టు అరిచాను. నీ చెయ్యి ఊరుకోదా అన్నాను. నా బతుకు పొయ్యిలో పెట్టావన్నాను. అమ్మ డబ్బాల దగ్గరికి వెళ్ళింది. ఒక డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

ఏజెంటుకి ఫోన్ చేస్తే, లేబుల్ లేకుండా అమ్మడానికి లేదన్నాడు. కొత్త స్టిక్కర్లు కొట్టించి పంపమన్నాను. "కొట్టించడం ఎంతసేపు మేడమ్, ఏ ముక్కకి ఏది అంటిస్తారు?" అని అడిగాడు. రెండు రకాలదీ ఒకటే రంగు. అన్నీ డబ్బాల్లో కలిసిపోయి ఉన్నాయి.

మర్నాడు ఉండబట్టలేక ఒక డబ్బా స్కూటీ మీద పెట్టుకుని కేఫ్‌కి వెళ్ళాను. అతను మూత తీసి వాసన చూసి నవ్వాడు.

"ఇదే కదా దీదీ కావాలి. ఇచ్చీండి."

"పేకెట్ లేదు భయ్యా. ఏ ముక్క ఏ రకమో నాకే తెలీదు."

"అరే, మన ఇంటి సామాన్ దీదీ. అమ్మ చేత్తో సర్దింది, ఔర్ క్యా చాహియే? కిచెన్లో లేబుల్ ఎవడు చూస్తాడు?"

ఎవడూ చూడడు. అది నాకూ తెలుసు, అందుకే కదా డబ్బా పట్టుకుని వెళ్ళింది. కానీ హోటల్ కౌంటర్లో నన్ను తరచూ ఎవరో ఒకరు అడిగేవారు, ఇందులో పాలున్నాయా, మా పిల్లకి పడవు అని. వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పేదాన్ని. ఈ ముక్క గురించి అడిగితే ఎవరిని కనుక్కోవాలి? ఇవ్వాలనే ఉంది. అయినా మూత బిగించాను. అతను నన్ను వింతగా చూశాడు. దారి పొడుగునా అతన్నీ, ఏజెంటునీ, అట్టపెట్టెను కనిపెట్టినవాణ్ణీ తిట్టుకుంటూ వచ్చాను.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఒద్దన్నాడేటి?"

"ఇమ్మనే అన్నాడు. నేనే ఇవ్వలేదు."

డబ్బా నా చేతిలోంచి తీసుకుని మిగతావాటి పక్కన పెట్టింది. కొంగుతో మూత తుడుస్తూ అడిగింది.

"మళ్ళీ తెప్పిత్తావా?"

"తెప్పించాలి. ఆ హోటల్‌కి మళ్ళీ పోలేనమ్మా."

"ఐతే సరుకు దిగిన్నాడు నన్ను పిన్ని ఇంటికి పంపించీవే. ఇంట్లో ఉంటే నా సెయ్యి ఊరుకోదు."

అలా అనకమ్మా అనాలి. నోరు తెరిచాను కూడా. మాట బయటికి రాలేదు, ఎందుకంటే ఆ క్షణాన అదే మంచిదని నిజంగానే అనిపించింది. అమ్మ నా మొహం చూసింది. సరేలే అన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయింది.