చప్పుడు లేని ఇంజను

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఇంజన్ల పాఠం చెప్పేవాణ్ణి. గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో అద్దెకుంటున్న మాకు, రిటైరై ఊరెళ్లిపోతున్న ఒక ప్రొఫెసరుగారి పాత విలాయతీ కారు దక్కింది. రైల్వే షెడ్డులో పనిచేసి బయటికొచ్చిన లాలాపేట మేస్త్రి ఒకాయన దాని ఇంజను మొత్తం విప్పి, కడిగి, మళ్లీ బిగించి ఇచ్చాడు. బండి బాగానే నడిచేది. ఒక్కటే బాధ, బానెట్ కింద ఎప్పుడూ టిక్ టిక్‌మని చప్పుడు.

నాకు చప్పుడంటే పడదు. క్లాసులో ఎవడైనా దగ్గినా పాఠం ఆపేసి చూసే రకం. ఓ ఆదివారం మా ఆవిడ చర్చికి తయారయ్యేలోగా ఇంజను మీది కవరు విప్పి, వాల్వులను తోసే టాపెట్లన్నీ గట్టిగా బిగించేశాను. చప్పుడు చచ్చింది. మేస్త్రికి చేతకానిది నాకు చేతనైందని మా ఆవిడ దగ్గర చర్చి దాకా డప్పు కొట్టుకున్నాను.

వారం తిరిగేసరికి బండి నీరసించింది. సాపు రోడ్డు మీద ఎలాగో ఈడ్చేది గానీ, క్యాంపస్‌లో ఎత్తు రాగానే ఫస్టు గేరులో కూడా మూలిగేది. మా ఆవిడ దిగి నడిచేది. నాకంటే ముందే పైకి చేరి, "తొందరేం లేదు, నిదానంగా రండి" అనేది. సైకిళ్ల మీద వచ్చే నా శిష్యులు వంగి నమస్కారం పెట్టి మరీ దాటిపోయేవాళ్లు. ఆ నమస్కారాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్లగ్గులు తీసి గీకాను. కార్బురేటరు విప్పి ఊదాను. పెట్రోలు గొట్టం చూశాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు లేపి తిప్పాను. నా చేతిపని తప్ప అన్నిటినీ అనుమానించాను. కెమిస్ట్రీ ఆయన పెట్రోలులో కిరసనాయిలు కలిసిందన్నాడు. ఫిజిక్సు ఆయనైతే హైదరాబాదు ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి పలచన, ఇంజనుకు ఆనదన్నాడు.

"పల్లంలో ఉన్న గుంటూరు నుంచి నేను వచ్చాను కదా, నాకు ఆయాసం రాలేదే!" అంది మా ఆవిడ.

చివరికి క్యాంటీన్లో టీ తాగుతూ నేనే తీర్పు చెప్పేశాను. లాలాపేట మేస్త్రి నా ఇంజను నాశనం చేశాడన్నాను. ఇంజన్ల మాస్టారి నోటి మాట కదా, అందరూ నమ్మేశారు. ఆయన దగ్గరికెళ్లే క్యాంపస్ కార్లన్నీ సికింద్రాబాదు దారి పట్టాయి.

నెల గడిచాక, వేరే దిక్కులేక ఆయన్నే ఇంటికి పిలిచాను. వచ్చాడు. ఇంజను వేడెక్కనిచ్చి ఆపి, ముందు నుంచి హ్యాండిలు పెట్టి చేత్తో మెల్లగా తిప్పాడు. లోపలి గాలి నొక్కుకుని చేతికి బరువు తగలాల్సిన చోట రెండుసార్లు తగల్లేదు.

"గీడ దమ్ము లేదు సార్" అన్నాడు. కవరు తీసి, టాపెట్ల సందు కొలిచే సన్నటి రేకు దూర్చబోయాడు. దూరలేదు.

"ఎవరు బిగించిన్రు సార్ ఇవి?"

నేను వీధి వైపు చూశాను. "ఆయనే" అంది వరండాలోంచి మా ఆవిడ.

"టాపెట్ జర సప్పుడు చెయ్యాలె సార్. వేడికి లోపల సామాను సాగుతది. సందు లేకుంటే వాల్వు సక్కగ మూసుకోదు. దమ్మంత బయటికే పోతది."

ఏటా నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠం అదే. పరీక్షలో అది రాయలేనివాళ్లను గాడిదలని తిట్టేవాణ్ణి కూడా. ఆయన సందులు సరిచేసి, "వాల్వులు కాలలే, నసీబు మంచిగున్నది" అని స్టార్టు చేశాడు. చప్పుడు మళ్లీ మొదలైంది. ఇద్దరం క్యాంపస్ దాకా వెళ్లాం. ఎత్తు మీదికి సెకండు గేరులోనే ఎక్కేసింది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. బాగైంది నా బండి అయితే ఈయనకెందుకింత సంబరమో అనుకున్నాను.

ఆదివారం చర్చికి బయలుదేరితే మా ఆవిడ బండెక్కనంది.

"ఆయన పేరు ఎక్కడ పాడు చేశారో అక్కడే బాగు చేసి రండి. అప్పుడెక్కుతాను."

సోమవారం క్యాంటీన్లో నిజం చెప్పాను. ఫిజిక్సు ఆయన నవ్వి నవ్వి చొక్కా మీద టీ ఒలకబోసుకున్నాడు. సిగ్గుతో చచ్చాననుకోండి. ఎలాగూ పరువు పోయిందని సాయంత్రం లాలాపేట కూడా వెళ్లి, క్యాంపస్ కార్లు రాకపోవడానికి కారణం నేనేనని మేస్త్రికి చెప్పాను.

"ఎర్కే సార్. నువ్వన్న దినమే నాకు చెప్పిన్రు."

"మరి వచ్చి నన్ను నిలదీయలేదేం?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజన్ల సదువు చెప్పే సారే అన్నడంటే నాదే తప్పనుకున్న. ముప్పై ఏండ్ల సంది చేస్తున్న పని. ఈ నెల దినాలు ఏ బండి ముట్టాలన్నా భయమైంది సార్."