కమాను కింద ఖాళీ చోటు

సబాతీనో రోమ్‌లో శిథిలాలను చెక్కినవాడు కాడు. శిథిలాల్లో మనుషులను చెక్కినవాడు. కూలిన గోడలను, కమానులను వేరొకరు రాగిరేకు మీద గీసి పంపేవారు. వాటి పరిమాణం తెలిసేలా గింజంత మనుషులను చేర్చడం అతని పని. బ్రతుకంతా అదే చేశాడు. ఆ రేకులనుంచి కాగితం మీద బొమ్మలు అచ్చువేసి అమ్మే దుకాణంలో అచ్చుయంత్రం తిప్పేది నేను.

అతని భార్య ఓర్సొలా చిత్తడినేలల జ్వరంతో పోయిన శరత్కాలంలో ఒక పాత స్నానశాల శిథిలం గీసిన రేకు వచ్చింది. దాని పెద్ద కమాను కింద అతడు తలమీద గుడ్డ కప్పుకొన్న స్త్రీని నిలిపాడు. అంత చిన్న బొమ్మలో ముఖం పట్టదు. అయినా ఓర్సొలాకు లాగే ఒక భుజం కాస్త వంగి ఉండటంతో గుర్తుపట్టాను. యజమాని గాస్పరే కూడా గుర్తుపట్టాడు.

“ఏమయ్యా, పోయినావిణ్ణి తెచ్చి నా కమాను కింద నిలబెడతావా? కొనేవాళ్లు జడుసుకు చస్తారు. తీసెయ్.”

సబాతీనో ఆ బొమ్మను గీకి, ఉక్కుకడ్డీతో నునుపు చేశాడు. అచ్చు తీస్తే గీతలు లేవు; కానీ అక్కడే, ఆమె ఎత్తున, బూడిదరంగు మరక నిలబడి ఉంది. గీకినచోట రేకు పల్లమై సిరాను పట్టుకుంటోంది. వెనకనుంచి సుత్తితో కొట్టి పల్లాన్ని లేపాలి. కారణం తెలిసినా, తడికాగితం ఎత్తిన ప్రతిసారీ ముందు అక్కడికే చూసేవాణ్ణి.

“సుత్తి ఎందుకు పట్టలేదు సబాతీనో?” అని అడిగాను.

“ఆవిణ్ణా, అన్నా, కొట్టేది?”

చివరకు గాస్పరే ఎదురుగా నిలబడి కొట్టించాడు. సబాతీనో తలుపు తట్టినంత మెల్లగా కొట్టాడు. నీడగీతలు తిరిగి గీసి, అవి లోతుగా దిగేలా ఆమ్లంలో ముంచి తీశాక, కమాను శుభ్రంగా, నల్లగా అచ్చయింది.

అప్పుడు చూశాను, అదే రేకులో సబాతీనో చేర్చిన మిగతా బొమ్మలను. కర్ర ఆనించిన గొర్రెలకాపరి, ఇద్దరు యాత్రికులు, రాతిమీద కూర్చున్న ముసలివాడు, అందరూ ఆ చీకటివైపే తిరిగి ఉన్నారు. ఒక యాత్రికుడు టోపీ తీసి చేతపట్టుకున్నాడు.

“వీళ్లెవర్ని చూస్తున్నారయ్యా?” గాస్పరే గొంతు తగ్గింది. “వీళ్లనూ తీసెయ్.”

“తీసేస్తానండి. మరి కమాను ఎంత ఎత్తో కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?”

గాస్పరే రేకును అలాగే నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఏళ్లతరబడి ఆ రేకును అచ్చు తీశాను. కొట్టి లేపిన రాగి చుట్టుపక్కలకంటే ముందు అరుగుతుంది; గీతలు అరిగినచోట సిరా నిలవదు. కమాను చీకటిలో ఒకచోట నీడ పలచబడసాగింది. ఒక శీతాకాలం తీసిన అచ్చులో అది తెల్లగా, ఆమె ఎత్తున, నిలబడి కనిపించింది.

తడి ఆరకముందే తీసుకెళ్లి సబాతీనోకు చూపించాను. అతడు దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకు చూసి, తలమీది టోపీ తీశాడు.