ఖో వినపడని పిల్ల

తొంభైల చివర్లో నేను వ్యాయామ విద్యలో పిహెచ్‌డి చేస్తున్నాను. బడిలో ఆటల పీరియడ్‌కి ఎవరెవరు దూరంగా ఉండిపోతున్నారు, ఎందుకు అన్నది నా పరిశోధన. రాజమండ్రిలో పొద్దున్నే బస్సెక్కి, రావులపాలెం దగ్గర ఒక బాలికల హైస్కూలుకి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని.

అక్కడ ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. మిగతావాళ్లు ఖోఖో ఆడుతుంటే వాళ్ల గాజులకీ చెప్పులకీ కాపలాగా వరండాలో కూర్చునేది. ఎవరైనా దొరికిపోబోతుంటే ఆటలోవాళ్ల కంటే ముందు తనే లేచి నిలబడేది.

"ఈ అమ్మాయిని ఆడించరేంటండీ?" అని డ్రిల్లు మాస్టారిని అడిగాను.

"ఖో అంటే వినపడాలి కదండీ మేడంగారూ" అన్నారాయన నొచ్చుకుంటూ. నాకూ న్యాయంగానే తోచింది. నా సర్వే ఫారంలో అదే రాసుకున్నాను.

ఒకరోజు జట్టులో పిల్ల ఒకతి ఇంట్లోవాళ్లతో అన్నవరం వెళ్లింది. తొమ్మిదో మనిషి లేదు. "దీన్ని కూర్చోబెడదాం సార్. వీపు మీద గట్టిగా తడితే తెలుస్తుంది కదండీ" అంది కెప్టెన్. మాస్టారు సరేనన్నారు.

అవతలి జట్టువాళ్లు గడుగ్గాయిలు. పరిగెడుతూ తామే "ఖో! ఖో!" అని అరిచేవాళ్లు. వరసలో కూర్చున్నవాళ్లు కంగారుగా లేచి ఫౌలు చేసేవాళ్లు. ఈ పిల్ల మాత్రం వీపు మీద చెయ్యి పడేదాకా కదల్లేదు. లేచాక వెంటవెంటనే ఇద్దరిని పట్టేసింది. తను ఖో ఇవ్వాల్సి వచ్చినప్పుడు గొంతులోంచి "ఓ" అని మాత్రమే వచ్చింది. మాస్టారు విజిల్ వేశారు.

"ఖో అనలేదు కదే!"

"దాని ఖో అదేనండీ, మాకు తెలిసిపోయింది" అన్నారు పిల్లలు. ఆయన నవ్వేశారు.

అప్పట్నుంచి నేను ప్రశ్న మార్చాను. ఎందుకు ఆడించడం లేదని మాస్టర్లని కాకుండా, ఎలా ఆడిద్దామని పిల్లల్ని అడిగేదాన్ని. వాళ్లు చెప్పేవి ఫారంలో పట్టక వెనక్కి తిప్పి రాసుకునేదాన్ని.

మండలం పోటీలకి ఆ అమ్మాయిని జట్టులోకి తీసుకున్నారు. "ఓ" అన్నా చెల్లేటట్టు మాస్టారు అంపైర్‌ని ముందే ఒప్పించారు. అరటికాయల మార్కెట్‌లో గెలలు సర్దే తల్లి పని మానుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"నిజంగానే ఆడుద్దాండి మా పిల్ల?"

"చూడండి మీరే."

ఆట మొదలయ్యాక ఆవిడని పట్టలేకపోయాం. "లెగవే! లెగు!" అని ఒకటే కేకలు. కూతురికి వినపడదు గాని, పక్కవాళ్లు లేచి ఫౌలు అయిపోతున్నారు.

"అత్తా, మీరు అరవకండి! మేం లేచిపోతున్నాం!" అని మొత్తుకుంది కెప్టెన్. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి. ఆవిడ మానేసిన కేకలు నేనెప్పుడు అందుకున్నానో నాకే తెలియదు.

ఆ ఆట గెలిచాం, తర్వాతది ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో టెంపోలో ఓడినట్టు ఒక్కరూ లేరు. మర్నాడు మా గైడుగారి ముందు నోరు తెరిస్తే నా గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏంటమ్మా, జలుబు చేసిందా?"

"కాదండి, ఫీల్డ్‌వర్క్" అన్నాను.