మూలింటి తలుపు ముందు నా మీసం

మా ఫోటో బాబాయి పోయాడు. టికియాపారాలో కూతురి గదిలో, మొన్న మంగళవారం పొద్దున్న టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడట. కబురు తెచ్చినవాడితో "పోరా, వేళాకోళమా" అన్నాను. నా నోటికి ముందొచ్చేది అదే మాట.

బాబాయంటే చుట్టరికం కాదు. ఖిదిర్‌పూర్‌లో ఒకే వాకిలి చుట్టూ పద్నాలుగు గదులు, అందులో ఆయనది ఒకటి, మాది ఒకటి. వారమంతా మున్సిపాలిటీ నీళ్ల పైపుల పని, ఆదివారం కెమెరా. మామూలు ఫోటోని నమ్మేవాడు కాదు. "ముందు నిలబడ్డోడు నవ్వుతాడు. పక్కనేటుందో, ఎనకాలేటుందో అది సెప్పదురా. సుట్టూ తీస్తే గోడకి గోడే సాచ్చికం" అనేవాడు.

వాకిలి మధ్యలో స్టూలు వేసి, దాని మీద కెమెరాని కొంచెం కొంచెం తిప్పుతూ తీసేవాడు. ఆ ఫోటోలన్నీ అంచులు కలిపి జిగురుతో అతికిస్తే బారెడు పట్టీ. దాన్ని గుండ్రంగా చుట్టి మధ్యలో మా తలలు పెట్టించేవాడు. "ఇప్పుడు తిరిగి సూడు." తిరిగితే ప్రతి గుమ్మం, ప్రతి మనిషి. లోపల దూరినవాడికి బయటికి రాబుద్ధయ్యేది కాదు.

సర్కారు వాళ్లు ఆ గదులు పడగొడతామన్నారు. ఉంటున్నవాళ్లకి కొత్త గదులిస్తారట, ఉంటున్నట్టు రుజువు కావాలట. మాలో సగం మందికి కాగితాలు లేవు. బాబాయి ఉన్న ఒక్క రీలూ ఎక్కించి, ఎవరి గుమ్మం ముందు వాళ్లని నిలబెట్టాడు. మూలింటి అత్త ఒంటరి మనిషి, వీధులూడ్చే పని. ఆ రోజు సెలవివ్వలేదు. ఆవిడ బదులు ఆవిడ ఇంటి చీపురూ బకెట్టూ గుమ్మం ముందు పెట్టించాడు.

నా గుమ్మం ఫోటో అయిపోయింది. అప్పటికి నాకు పాతికేళ్లు, పెళ్లయింది, బుద్ధి రాలేదు. ఆయన వెనకనుంచి పరిగెత్తి, తువ్వాలు ముసుగేసుకుని, చీపురు పట్టుకుని, మూలింటి అత్తలా నడుము వంచి నిలబడ్డాను. వాకిలంతా పగలబడి నవ్వింది. కెమెరా నొక్కిన చప్పుడైంది. రీలులో మిగిలిన ఆఖరి ఫోటో అదే.

ఆ ముక్క లేకపోతే చుట్టు కలవదు. మర్నాడే గడువు. అలాగే అతికించి ఇచ్చాడు.

ఆఫీసులో బెంగాలీ గుమాస్తా ఫోటోలో నా మీసం మీద వేలు పెట్టాడు. "ఏం దాదా, మీవాడికి రెండిళ్లా? మూలింట్లో ఎవరూ లేరన్నమాట." మా పదమూడు ఇళ్లకీ గదులొచ్చాయి. అత్త మూట కట్టుకుని బడ్జ్ బడ్జ్‌లో తమ్ముడింటికి పోయింది.

"అతకడంలో నానే తప్పు సేసినాను" అని బాబాయి అందరికీ చెప్పుకున్నాడు. నాతో ఒక్కసారి మాత్రం అన్నాడు, "సూసినాన్రా నిన్ను. నవ్వొచ్చీసింది. నొక్కీసినాను."

అత్త గది కోసం ఆ ఆఫీసు మెట్లు ఏళ్ల తరబడి ఎక్కాడు. గుమాస్తాలు మారేవారు, ఈయన మళ్లీ మొదట్నించి చెప్పేవాడు. రెండంతస్తులు. నేనెక్కి "ఆ వెధవని నేనే, అది ఆవిడ ఇల్లే" అంటే ఏమయ్యేదో. ఎక్కలేదు. నా గది కూడా పోతుందేమోనని భయం.

కాళ్లు పడిపోయాక ఆయన నన్ను పిలిపించాడు. "నాను ఎల్లలేను. అత్తకి నువ్వే సెప్పాల. నానున్నప్పుడే సెప్పు." వచ్చే ఆదివారం వెళ్తానన్నాను. మూడు ఆదివారాలు అలాగే అన్నాను.

కర్మకాండ కాకుండానే బడ్జ్ బడ్జ్ వెళ్లాను. జూట్ మిల్లు వెనక రేకుల ఇల్లు. అత్త తల ముగ్గుబుట్ట అయింది. బాబాయి పోయాడని చెప్పాను. తక్కినది చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలుసు. ఆపీసోల్లు పట్టీ తిరిగిచ్చినాక, ఆ ముక్క ఊడదీసి అప్పుడే నాకిచ్చీసినాడు మీ బాబాయి. నా గుమ్మానికున్న ఫోటో అదొక్కటే కదేటి."

"అత్తా, నన్ను..."

"టీ తాగి ఎల్లు. బస్సు దొరకదు."

క్షమించానని అనలేదు. తిట్టినా బాగుండేది. గోడకి ఆ ఫోటో ఉంది. మూలింటి తలుపు, గడప, బకెట్టు. ముందు నిలబడ్డ మనిషిని కత్తెరతో, మీసం దగ్గర కూడా అంచు తప్పకుండా, చుట్టూ కత్తిరించేసింది. నేనున్న చోట నా ఆకారంలో కన్నం, అందులోంచి వాళ్ల తమ్ముడి గోడ సున్నం తెల్లగా కనిపిస్తోంది.