తియ్యటి కాడలు, బోసి పొత్తులు

జి.మాడుగుల దాటాక కొండవాలులో ఉన్న మా మొక్కజొన్న చేను గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా అమ్మ దగ్గర పాత నాటు విత్తనం ఉండేది. వాళ్లమ్మ ఇచ్చినది, ఇంకెక్కడా దొరకదు. ఏటా మంచి పొత్తులు ఏరి పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసేది. మరుసటేడు అవే విత్తనం. విత్తే ముందు పొయ్యిలో బూడిద, మేకల ఎరువు తట్టలతో కొండెక్కించి చేనంతా జల్లేది. మోకాళ్లు పట్టేసినా మానేది కాదు.

ఆ ఏడు నేనే మాన్పించాను. వ్యవసాయం డిప్లొమా చేసినదాన్ని కదా! ఒక యూరియా బస్తా జీపులో వేసుకొచ్చి, ఇక తట్టలు మొయ్యొద్దని పోట్లాడాను. మట్టి పరీక్ష చేయించాలని చదివిందీ నేనే, చేయించనిదీ నేనే. అమ్మ నా మాట విని, ఉన్న విత్తనమంతా వేసేసింది.

చేను ఏపుగా లేచింది. పొత్తు వేసే వేళకు మాత్రం ఆకుల అంచులు ఊదారంగు తిరిగాయి. వానల చలికేమోలే అనుకున్నాను. మాలో కొత్త పండగ చేసి, కొండ మీద కొలువున్న తల్లికి తొలి పంట పెట్టందే ఎవరూ పొత్తు తుంచరు, రేకు విప్పి కూడా చూడరు. అందుకని అమ్మ ఒక కాడ విరిచి నమిలి, సగం నాకిచ్చింది. చెరుకులా ఉంది. కాడే ఇంత తియ్యగా ఉంటే గింజ ఎలా ఉంటుందోనని మురిసిపోయింది. నేనూ నములుతూ తలూపాను. నా చదువు తగలెయ్య!

ఆకు తయారుచేసిన చక్కెర పొత్తుకు చేరి గింజలో పిండి కట్టాలి. భాస్వరం, పొటాష్ చాలకపోతే గింజ పట్టదు, చక్కెర ఆకులోనూ కాడలోనూ ఉండిపోతుంది. ఆ ఊదారంగు, ఆ తీపి అందుకే. ఇన్నేళ్లూ ఆ కొరత తీర్చింది అమ్మ మోసిన తట్టలే. నేను తెచ్చిన యూరియాలో ఆ రెండూ లేవు. ఇదంతా ఒకప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

పండగనాడు రేకులు విప్పితే అన్నీ బోసి పొత్తులు. అక్కడక్కడా ఉన్న గింజలూ గోటితో నొక్కితే నలిగిపోయాయి. చేనంతా వెతికినా విత్తనానికి ఒక్క పొత్తు దొరకలేదు.

అమ్మ ఇంటికొచ్చి, గుడ్లు పెట్టే కోడిని పట్టుకుంది. ఎందుకని అడిగాను.

"కొత్త పెట్టకముందే కాడ నమిలీసినాను. తల్లికి కోపమొచ్చింది. నా నోరే ఇత్తనం తినీసింది."

తప్పు నాదని చెప్పాను. బూడిద సంగతి, యూరియా సంగతి, అంతా చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు అరిచాను కూడా. అమ్మ ఓపిగ్గా విన్నది.

"నువ్వు సదువుకున్నదానివి. నీ తప్పేటుంటదే, గుంటా?"

నా తప్పుకి తను లెంపలేసుకోడానికి, కోడిని చంకన పెట్టుకుని, ఆ మోకాళ్లతోనే కొండెక్కింది.